ఎడమవైపు తిరిగి ఒక గంట

సిస్టర్ నా చేతి గడియారం తీసి తన జేబులో వేసుకుంది, గడియారం చూస్తూ పడుకున్నవాళ్ళ ఒళ్ళు బిగుసుకుపోతుందట, ఎంతమందిని చూసిందో, అందుకని ఇప్పుడు టైమెంతయిందో నాకు తెలియదు, తెలిసిందల్లా ఎడమవైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, ఒక గంట కదలకుండా పడుకోవాలని, నా చేతులతో కలిపిన జెల్ రెండు చెంచాలంత ఇప్పుడు నా లోపల ఉందని, అది గంటసేపు అక్కడే ఉండాలని. ఉంటే ఈ గది ఉంటుంది. ఉండకపోతే, నేను మధ్యలో లేచి బాత్రూముకి పరిగెడితే, కింది అంతస్తులో కూర్చున్న, మాకు డబ్బిచ్చే కమిటీవాళ్ళు ఈ మధ్యాహ్నమే మా పనికి మంగళం పాడేస్తారు, ఇప్పటికి మూడు జెల్లులు చూశాం, ఇది నాలుగోది, ఇది కూడా నిలవకపోతే ఇక చాలు అని మొన్ననే చెప్పేశారు. చల్లగా ఉందా మేడమ్ అని అడిగింది సిస్టర్, ఉందన్నాను, నిజంగానే మొదట చల్లగా ఉంది, తరవాత ఆ చల్లదనం ఎటు పోయిందో తెలియలేదు, ఒంటి వెచ్చదనంలో కలిసిపోయినట్టుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఎదురుగా గోడ మీద పెచ్చు ఊడిన చోటు ఒకటి ఉంది. ఇన్నేళ్ళుగా ఈ మంచం మీద మనుషుల్ని పడుకోబెట్టి, అవతల నిలబడి మాట్లాడి వెళ్ళిపోయినదాన్ని, వాళ్ళు గంటసేపు చూసేది ఈ పెచ్చునేనని ఇవాళే తెలిసింది. ఒకావిడ అది పడుకున్న కుక్కలా ఉందండీ అంటే ఏ కుక్క అనుకున్నాను. ఉంది, తోక కూడా ఉంది.

చేసినవాళ్ళే ముందు పడుకోవాలన్నది మా ల్యాబులో ఆచారం, పెద్దాయన పెట్టింది. పెద్దాయనంటే ఈ ల్యాబు మొదలుపెట్టినాయన, నాకు పని నేర్పినాయన, ఆయన ఆ నియమం ఎందుకు పెట్టారో తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వకూడదు, నవ్వితే పొట్ట కదులుతుంది. మొదటి జెల్ మేం కొత్తగా చేసింది కాదు. ఆడవాళ్ళు ముందువైపు వాడుకోవడానికి తయారైన జెల్ ఒకటి ఉండేది, అందులో హెచ్.ఐ.వి.ని ఒంట్లోకి రాకుండా అడ్డుకునే మందు ఉంది, అదే తెచ్చి వెనకవైపు పెడితే సరిపోదా అనుకున్నాం, చదువుకున్నవాళ్ళం అందరం తలలూపాం. దాన్నిండా గ్లిజరిన్. ముందువైపు పొర మీద పొర ఉంటుంది కాబట్టి ఓర్చుకుంది, వెనకవైపు లోపల ఉన్నది ఒక్క వరుస కణాలు, తడిసిన కాగితమంత పలచన, వైరస్ సులువుగా దూరిపోయేదీ అందుకే. ఆ చిక్కటి జెల్ అక్కడికి చేరగానే కణాల్లోంచి నీళ్ళు లాగేసేది, నీళ్ళు చేరితే కడుపులో తొందర, తొందరయితే పరుగు. కానీ వాలంటీర్లు మర్యాదస్తులు, మేం కలం పట్టుకుని ఎలా ఉందండీ అంటే బాగుందండీ అనేవాళ్ళు, ఇబ్బందేమైనా ఉందా అంటే అబ్బే అనేవాళ్ళు, మేం మురిసిపోయి రాసుకునేవాళ్ళం. పెద్దాయనకి వయసుతో వచ్చిన తొందర ఒకటుంది, అందుకని వరండాలో బాత్రూము తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేవారు, అది ఆయన సింహాసనం. ఒకరోజు చిరాగ్గా లోపలికొచ్చి, నా కుర్చీ ఈ మధ్య ఎప్పుడూ ఖాళీగా ఉండట్లేదేమర్రా, ఎప్పుడు చూసినా మన వాలంటీరే ఎవరో ఒకరు కూర్చునుంటున్నారు అన్నారు. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ సాయంత్రమే ఆయన ఆ జెల్ గొట్టం తీసుకుని, సిస్టర్ని పిలిచి, తనే వెళ్ళి ఈ మంచం మీద పడుకున్నారు. పావుగంట కూడా ఆగలేకపోయారు పాపం. తిరిగొచ్చి, చెమట తుడుచుకుని, ఇకమీదట మన ఒంట్లో పెట్టుకోనిది పరాయివాళ్ళ ఒంట్లో పెట్టొద్దు అన్నారు.

రెండోది నేను చేశాను, పలచనైంది, మంచం దుప్పటికే సరిపోయింది. మూడోది బంకలా తయారై లోపల ముద్దగా ఓ మూలన ఉండిపోయింది. ఈ నాలుగోదాన్ని మన ఒంటి నీళ్ళకి ఎంత ఉప్పదనం ఉంటుందో అంతే ఉండేలా చేశాను, ఇది కణాల దగ్గర నీళ్ళు పుచ్చుకోదు, వాటికి ఇవ్వదు, చుట్టంలా వచ్చి గడప దగ్గర మర్యాదగా కూర్చుంటుంది. కూర్చుంటుందనే అనుకుంటున్నాను. ఇందులో ఇంకా మందు లేదు, ఉత్త జెల్, ఇది నిలిస్తేనే మందు కలిపే వంతు వస్తుంది, ఆ తరవాత అది నిజంగా కాపాడుతుందో లేదో తేలడానికి ఏళ్ళు పడుతుంది, అదంతా నాకు తెలుసు, అయినా ఈ గంట దగ్గరే నా ప్రాణమంతా ఉంది.

బయట ఎవరో కారు కడుగుతున్నారు. పైపు నీళ్ళు రేకు మీద పడుతున్న చప్పుడు, కింద నిలిచిన నీళ్ళ మీద ఎండ పడి ఆ వెలుగు కిటికీలోంచి వచ్చి సీలింగు మీద కదులుతోంది, మెల్లగా, విడిపోతూ కలుస్తూ, అచ్చం స్విమ్మింగ్ పూల్ పైకప్పు కింద ఆడే వెలుగులా. తమ్ముడు అక్కడే పనిచేసేవాడు. పిల్లలకి ఈత నేర్పేవాడు, పిల్లలకే కాదు, నీళ్ళంటే భయపడే పెద్దవాళ్ళకి కూడా, మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టి, ఏం చెయ్యొద్దండీ, ఊరికే ఉండండి, నీళ్ళతో పోట్లాడితే ముంచుతాయి, ఊరికే ఉంటే మోస్తాయి అనేవాడు. నన్నూ ఒకసారి పడుకోబెట్టాడు. చెవులు నీళ్ళలోకి వెళ్ళగానే లోకమంతా దూరమైపోయింది, వాడి గొంతు మాత్రం ఎక్కడో గోడ అవతలి నుంచి వినిపించింది, అక్కా, నేనెప్పుడో చెయ్యి తీసేశానే, నువ్వే తేలుతున్నావు. ఆ మాట విన్నానో లేదో భయపడి మునిగిపోయాను. ముక్కులోకి క్లోరిన్ నీళ్ళు. వాడు నవ్వాడు, పూల్ అంతా మోగేలా నవ్వాడు, నీకు చెప్పకుండా ఉండాల్సింది, చెప్తే మునుగుతావు అన్నాడు. వాడి ఒంటికి ఎప్పుడూ ఆ వాసనే, అమ్మ వాడి చొక్కాలు ఎంత ఉతికినా పోయేది కాదు, వాడు పోయాక కూడా బీరువా తీస్తే కొన్నాళ్ళు ఉండేది, తరవాత ఒకరోజు తీస్తే లేదు. ఆ రోజు అమ్మ బీరువా తలుపు పట్టుకుని అలా నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఏదో కదిలినట్టుంది. కిందుగా, లోపల, సన్నగా. లేదు, అది నా శ్వాస. ఒకవేళ అదే అయితే. అయితే ఏముంది, లేచి వెళ్ళడమే, సిస్టర్ గడియారం చూసి టైము రాసుకుంటుంది, కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని, ప్రయత్నం అభినందనీయమే అంటాడు. ఆయన మంచివాడే. అందరూ మంచివాళ్ళే, అదే చిక్కు. ఇప్పుడు మాత్రలున్నాయి కదమ్మా అంటారు, రోజుకొకటి వేసుకుంటే రాకుండా ఆపుతున్నాయి కదా, సూదులొచ్చాయి, ఇంకా ఈ జెల్ దేనికి అంటారు. మాత్రలు మంచివే. కానీ మాత్ర వేసుకోవాలంటే ఇంట్లో సీసా ఉండాలి, సీసా ఉంటే ఇదేమిటని అడిగే భార్యో, తల్లో, గదిలో కలిసుండే స్నేహితుడో ఉంటారు, నెలకొక్కసారి కలుసుకునేవాళ్ళు రోజూ మాత్ర మింగాలంటే విసుగు. జారుడు జెల్ అయితే చాలామంది ఎలాగూ వాడతారు, వాడేదాన్నే కాపలా పెడదామని మా ఆశ. ఈ మాట మొదట చెప్పింది నేను కాదు, వార్తలు.

వార్తలంటే మనిషే. రేడియోలో వార్తలు చదివేవాడు, తమ్ముడు పెట్టిన పేరు అది, వాడి నోట్లోంచి మా ఇంట్లోకొచ్చి అలాగే ఉండిపోయింది. అతను తమ్ముడి స్నేహితుడు. ఎన్నేళ్ళు ఆ స్నేహితుడన్న మాట అన్నామో, మాకు తెలుసు, వాళ్ళకి తెలుసు, మాకు తెలుసని వాళ్ళకీ తెలుసు, అయినా ఇంట్లో అదే మాట. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది ఆ జబ్బు సంగతి. ఎవరి నుంచి ఎవరికని ఒకరినొకరు అడగలేదు, ఒకసారి నేనే నోరు జారితే, అది తెలిస్తే మటుకు ఎవరికి తగ్గుతుందక్కా అన్నాడు తమ్ముడు, నేను మళ్ళీ అడగలేదు. అప్పటికి మంచి మందులు రాలేదు. తమ్ముడు వేగంగా చిక్కిపోయాడు, అంత ఈతగాడికి స్నానాలగదిలో నిలబడే ఓపిక లేకపోయింది, వార్తలు వాడిని కుర్చీలో కూర్చోబెట్టి మగ్గుతో నీళ్ళు పోసేవాడు, పోస్తూ ఆ రోజు వార్తలన్నీ రేడియో గొంతుతో చెప్పేవాడు, వాతావరణంతో సహా. ఆ తరవాత మందులొచ్చాయి. వార్తలు బతికాడు. ఇప్పటికీ మాత్ర తప్పడు, గుండ్రాయిలా ఉన్నాను అంటాడు, వారానికోసారి వచ్చి అమ్మకి పేపరు చదివి వినిపిస్తాడు. అమ్మ అతన్ని బాబూ అంటుంది. చుట్టాలెవరైనా తమ్ముడి సంగతి ఎత్తితే కామెర్లు ముదిరాయి అంటుంది, అతని ఎదురుగానే అంటుంది, అతను పేపరు మడత సరిచేసుకుంటాడు. నేను ఆ కామెర్లని ఎన్నడూ కాదనలేదు. నేను ఏం మందు తయారుచేస్తానంటే లేపనం అంటుంది, నేనూ అదే చెప్పాను, లేపనమేలే అమ్మా అని.

కమిటీ ముందు నాతో పాటు మాట్లాడేది వార్తలే. మొదట్లో ఆ గదిలో ఎవరూ పేరు పలికేవాళ్ళు కాదు, ఆ మార్గం అనేవాళ్ళు, సున్నితమైన ప్రదేశం అనేవాళ్ళు, ఒకాయన వేలితో గాల్లో సున్నా చుట్టి ఊరుకునేవాడు. వార్తలు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఒక్క తడబాటు లేకుండా, సార్, దాన్ని మలద్వారం అంటారండి, అందరికీ ఒకటుంటుంది, కమిటీ సభ్యులక్కూడా ఉందనే నా నమ్మకం అన్నాడు. ఆ గొంతుతో చెబితే అది వాన పడే సూచన చెప్పినట్టుంటుంది, ఎవరూ నొచ్చుకోలేరు. ఇది మగవాళ్ళ గొడవే కదా అని ఒకావిడ అంటే, కాదండీ, ఆడవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు, వాళ్ళని ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు అన్నాడు. ఆవిడ ఆ తరవాత ప్రతిసారీ మా వైపు చెయ్యెత్తింది, ఎందుకో మేం అడగలేదు. మాత్రలున్నాయి కదా అన్న అధ్యక్షుణ్ణి, వానకోటు ఉంది కదా అని ఊళ్ళో గొడుగులు అమ్మడం ఆపేశారా సార్ అన్నాడు. ఆయన నవ్వాడు. నవ్వి, గొడుగు కారకుండా ఉంటే చూద్దాం అన్నాడు.

సీలింగు మీద వెలుగు ఆగిపోయింది, కారు కడగడం అయిపోయినట్టుంది. కనురెప్పలు బరువెక్కుతున్నాయి, పడుకున్న కుక్క కూడా నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టుంది, వరండాలో ఎవరో మాట్లాడుతున్నారు, గోడ అవతలి నుంచి, చెవులు నీళ్ళలో ఉన్నప్పుడు వినిపించే గొంతుల్లా. ఒక గొంతు వార్తలుది. రెండోది అమ్మది. అమ్మ ఇక్కడికెందుకొస్తుంది, కలలో వస్తుంది, కలే అయ్యుంటుంది, కానీ అమ్మ దగ్గుతోంది, ఆ దగ్గు కలలో దగ్గు కాదు. ఇవాళ కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే వంతు అతనిది, కళ్ళ డాక్టరు ఈ భవనంలోనే కదా, కింద. కమిటీ ముందుకి నాతో వెళ్ళడానికి అతను ఇక్కడికి రావాలి, ఈవిణ్ణి ఒంటరిగా ఎక్కడ వదులుతాడు. వదలొచ్చు కదా. ఎక్కడైనా కూర్చోబెట్టొచ్చు కదా.

"ఆ గోడ మీద పెద్దక్షరాలతో ఏదో ఉంది. ఏమిటి బాబూ అది?" అమ్మ.

"ఏం లేదమ్మా, పోస్టరు."

"కళ్ళలో మందేశారు, అంతా మసక. చదువు."

చదవకు. నోరు తెరిచి అనబోయాను, అరిస్తే పొట్ట కదులుతుంది, లేవబోయి లేవలేదు, లేస్తే అంతా అయిపోతుంది. చదవకు నాయనా. కానీ అమ్మ చదవమంటే అతను చదువుతాడు, చదివితే మధ్యలో ఏదీ మింగడు, ఏళ్ళ తరబడి అమ్మకి అలాగే చదివాడు, చావుకబుర్లు కూడా. అతను గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు నాకు తెలుసు, దాని తరవాత వెనక్కి వెళ్ళడం ఉండదు. హెచ్.ఐ.వి. మలద్వారం ద్వారా సోకకుండా ఆపే జెల్ మీద ఇక్కడ పరిశోధన జరుగుతోంది. మగవాళ్ళతో కలిసే మగవాళ్ళు, మగవాళ్ళతో కలిసే ఆడవాళ్ళు ఎవరైనా పాల్గొనవచ్చు. మీ వివరాలు ఎవరికీ చెప్పం. మీరు ఎవరైనా ఇక్కడ మీకు మర్యాద ఉంటుంది. ఆ చివరి వాక్యం నేను రాసిందే. నెమ్మదిగా, స్పష్టంగా, ఒక్కో మాటా విడివిడిగా, వాతావరణ సూచన చదివినట్టు చదివేశాడు. ఇన్నేళ్ళు నేను లేపనమని దాచింది, అమ్మ కామెర్లని దాచింది, వరండా బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరూ వినేలా గోడ మీంచి దించి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

పొట్ట బిగిసింది. ఒక్కసారిగా, గుప్పెట మూసినట్టు, కిందంతా గట్టిపడింది, లోపల ఆ జెల్ తను అక్కడుందని మొదటిసారి గుర్తుచేసింది, ఒక తోపు, చిన్నదే, తరవాత ఇంకొకటి. ఇది జెల్ చేస్తున్నది కాదు, ఇది భయం చేస్తున్నది, కానీ కమిటీకి ఆ తేడా ఎవరు చెబుతారు, కాగితం మీద లేచిందని మాత్రమే ఉంటుంది. చెమట పట్టింది. అమ్మ ఏం మాట్లాడదేం. ఏదైనా అనమ్మా. తిట్టు, లేచి వెళ్ళిపో, ఏదో ఒకటి చెయ్యి. తలుపు అవతల ఆవిడ మసక కళ్ళతో ఎటు చూస్తోందో, అతని ముఖం వైపు చూస్తోందా, చూస్తే అక్కడ ఏం కనిపిస్తుంది, ఒక ముద్ద, ఒక గొంతు. ఇంకొక తోపు. లేవాలనుంది, ఒళ్ళంతా లేవమంటోంది. పోట్లాడకే అక్కా. ఎవరన్నారో, ఎవరూ అనలేదు, క్లోరిన్ వాసన మాత్రం వచ్చింది, ఈ గది కడిగే నీళ్ళలో కూడా అదే కలుపుతారు, రోజూ పీలుస్తున్నదే, ఇవాళే పట్టించుకున్నాను. ఏం చెయ్యొద్దు, ఊరికే ఉండు. మెడ వదిలేశాను. దవడ వదిలేశాను. భుజం మంచం మీద పడనిచ్చాను. అమ్మకి తెలిసిపోయింది, తెలియనీ, ఆవిడకి ఎప్పుడు తెలియదు కనక, బీరువా తలుపు పట్టుకుని నిలబడ్డ మనిషికి తెలియనిదేముంది. మోకాళ్ళు వదిలేశాను. మెడ కింద చెయ్యి, నడుం కింద చెయ్యి. అది ఉంది, నేను ఉన్నాను, అది నా దగ్గర ఏమీ పుచ్చుకోవడం లేదు, నేను దానికి ఏమీ ఇవ్వడం లేదు, తోపు వచ్చింది, వెళ్ళింది, అల వచ్చి వెళ్ళినట్టే వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పెచ్చు మీద కుక్క తోక దగ్గర ఎండ పడింది. చాలాసేపు దాన్ని చూశాను. నిద్రపోయానేమో కూడా.

"లేవొచ్చు మేడమ్, గంటయింది," అని సిస్టర్ భుజం తట్టింది. గడియారం తిరిగిచ్చి, ఏమైనా ఇబ్బందుందా అని అడిగింది, లేదన్నాను, ఆవిడ నమ్మలేదు, మర్యాదకి చెప్పేవాళ్ళని చాలామందిని చూసింది. మెల్లగా లేచాను. నిలబడ్డాను. బట్టలు సర్దుకుని వరండాలోకి నడిచాను, వెనక ఆవిడ గుమ్మంలో నిలబడి నేను ఏ కుర్చీలో కూర్చుంటానోనని చూస్తోంది. బాత్రూము పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని దాటాను. బెంచీలు దాటి, ఆ చివర కిటికీ దగ్గర అమ్మ పక్కన వెళ్ళి కూర్చున్నాను. సిస్టర్ గట్టిగా ఊపిరి వదలడం ఇంత దూరం వినిపించింది. నాకు చెప్పలేనంత ఆనందంగా ఉంది, అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. వార్తలు నా ముఖం చూసి, కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళు తెస్తానంటూ లేచి అటు పోయాడు.

అమ్మ నా వైపు తిరగలేదు. "ఈ లేపనమేనా నువ్వు చేస్తున్నది?" అంది.

"అవునమ్మా. ఇంకా ఇందులో మందు లేదు. ముందు లోపల నిలవాలి."

"నిలిచిందా?"

"నిలిచింది."

ఆవిడ కాసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, చుక్కల మందు కారుతోందో మరేమిటో. "కింద ఎవరో పెద్దవాళ్ళు కూర్చున్నారటగా. మాత్రలున్నాయి, ఇదెందుకు అంటున్నారట. దార్లో బాబు చెప్పాడు."

"అంటారమ్మా. ఇప్పుడు మేం వెళ్ళి చెప్పాలి."

"నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా అక్కడికి?"

"వాడికి కామెర్లు రాలేదని చెప్పడానికి," అంది అమ్మ, నా చెయ్యి పట్టుకుని లేస్తూ. "మెట్లెక్కడున్నాయో చూపించు. నాకేదీ సరిగ్గా ఆనట్లేదు."